ఊపిరికి మందు – బుద్ధికి నింద

మన పిల్లవాడు చదువులో వెనకబడితే కారణం వెతికే ఓపిక ఈ దేశంలో ఎవరికీ లేదు. కారణం ఎప్పుడో రాసిపెట్టి ఉంది. "వాళ్లకి చదువు అబ్బదు" అనే ఒక్క మాట చాలు. పంతులు అంటాడు, ఊరి పెత్తందారు అంటాడు. విని విని చివరికి మన తల్లిదండ్రులే "మావాడికి బుర్ర లేదండీ" అని చేతులు కట్టుకుని ఒప్పుకుంటారు. బాబాసాహెబ్ అంబేద్కర్ పుట్టిన జాతి తనకు బుర్ర లేదని ఒప్పుకోవడం కంటే పెద్ద ఓటమి ఏముంటుంది?

ఈసారి ఆయాసం మందుల గురించి మాట్లాడుకుందాం. ఆయాసానికీ బుర్రకీ ఏం సంబంధం అంటారా? ఉంది. ఉబ్బసానికి మన పల్లెల్లో, గూడేల్లో వాడుతున్న గోళీలు, సూదులు ఊపిరితిత్తుల కాడే ఆగవు. రక్తంలో కలిసి మెదడు దాకా పోతాయి. నిద్ర చెడగొడతాయి, చేతులు వణికిస్తాయి, మనసు నిలవనివ్వవు. మందు చేసిన పనిని మందు ఖాతాలో రాయకుండా మన కులం ఖాతాలో రాస్తున్నారు. ఇదే మన అభియోగం.

ముందు జబ్బు సంగతి. ఉబ్బసం అంటే ఊపిరి గొట్టాలు వాచి, ముడుచుకుపోయి, గాలి ఆడక పిల్లికూతలు రావడం. ఇది కులం చూసి రాదు. మేడలో పుట్టిన బిడ్డకీ వస్తుంది. కానీ వచ్చిన తర్వాత ఎవరి బతుకు ఎట్లా ఉంటుందనేది మాత్రం కులమే తేలుస్తుంది. మిరప తొడిమలు తీసేది ఎవరు? జిన్నింగు మిల్లుల్లో దూది ధూళి పీల్చేది ఎవరు? కంకర క్రషర్ల కాడ, పొగాకు బ్యారన్ల కాడ, తెల్లారకముందే పట్నం రోడ్లు ఊడ్చే చీపుళ్ల వెనక ఎవరున్నారు? మురుగు కాలవల పక్కన బ్లీచింగు చల్లే చేతులు ఎవరివి? ఒంటిగది ఇంట్లో, పుల్లల పొయ్యి పొగలో, పసిబిడ్డని ఒళ్లో పెట్టుకుని వండేది ఎవరు? ఆ దుమ్ము, ఆ పొగ ఉన్న ఉబ్బసాన్ని రెచ్చగొడతాయి, కొందరికి లేని ఉబ్బసాన్ని తెచ్చిపెడతాయి. 2019 నాటి ప్రపంచ అంచనాల ప్రకారం ఆస్తమా రోగుల్లో సుమారు 13 శాతం మంది భారతదేశంలో ఉంటే, ఆస్తమా చావుల్లో 42 శాతం దాకా ఇక్కడే జరిగాయి. మందు లేక జరిగే చావులు కావివి. ఉన్న మందు అందక జరిగే చావులు.

మరి అందుతున్న మందు ఏది? అర్ధరాత్రి ఆయాసం ఎగదన్నితే మన పల్లెకి వచ్చేది ప్రభుత్వ డాక్టరు కాదు, ఆర్.ఎం.పి. ఆయన వస్తాడు, మన మంచం మీద కూచుంటాడు, చెయ్యి పట్టుకుని చూస్తాడు, డబ్బులు కూలి వచ్చినాక ఇమ్మంటాడు. అందుకని ఆయన్ని తిట్టిపోయడం మన పని కాదు. ఆయన సంచిలో ఏముందో తెలుసుకోవడం మన పని. ఆ సంచిలో మామూలుగా మూడు ఉంటాయి. డెరిఫిలిన్, డెక్సా, సాల్బుటమాల్ గోళీ. తర్వాతి కాలంలో నాలుగోది చేరింది, మాంటెలుకాస్ట్. ఒక్కొక్కదాని సంగతీ చూద్దాం.

డెరిఫిలిన్‌లో ఉండేది థియోఫిలిన్, దాని చుట్టం ఎటోఫిలిన్. థియోఫిలిన్‌ని 1888లో కోసెల్ అనే జర్మనీ శాస్త్రజ్ఞుడు మొదట తేయాకులోంచే తీశాడు. కాఫీలో ఉండే కెఫీనూ ఇదీ అన్నదమ్ములు. మన మెదడులో అడినోసిన్ అనే పదార్థం ఉంటుంది. బండికి బ్రేకు ఎట్లాగో మెదడుకి అది అట్లాగ. నరాల వేగం తగ్గిస్తుంది, నిద్ర తెప్పిస్తుంది. థియోఫిలిన్ పోయి ఆ బ్రేకుకి అడ్డం కూచుంటుంది. ఇక నిద్ర పట్టదు, గుండె దడదడ, వికారం, వాంతులు, తలనొప్పి. పిల్లలైతే చిరాకు పడతారు, ఒక చోట కుదురుగా కూచోలేరు, మాటిమాటికీ ఒంటేలుకి పోవాలంటారు. మోతాదు బాగా మించితే ఫిట్సు వస్తాయి. ఆ ఫిట్సు ముందు ఏ సూచనా లేకుండానే రావచ్చు, ప్రాణమే తీయవచ్చు.

మోతాదు మించడానికి ఎక్కువ తిననక్కర్లేదు, అసలు భయం అక్కడే ఉంది. రక్తంలో మిల్లీలీటరుకి 10 నుంచి 20 మైక్రోగ్రాములు ఉంటే మందు అని పాత లెక్క. 20 దాటిందా, విషమవుతుంది. వరి గట్టు మీద బరువు మోస్తూ నడిచినట్టు, కాస్త అటూ ఇటూ అయితే పడటమే. ఒంట్లో జ్వరం ఉంటే ఈ మందు త్వరగా బయటికి పోదు, రక్తంలో పేరుకుంటుంది. దగ్గుకీ జ్వరానికీ అదే చేత్తో సిప్రోఫ్లాక్సాసిన్ గానీ ఎరిత్రోమైసిన్ గానీ ఇస్తే ఇంకా పేరుకుంటుంది. బీడీ తాగేవాడి ఒంట్లోంచి త్వరగా పోతుంది. వాడు బుద్ధి తెచ్చుకుని బీడీ మానేస్తే నిన్నటిదాకా సరిపోయిన మోతాదే ఇవాళ ఎక్కువవుతుంది. టి.బి.కి వాడే రిఫాంపిసిన్ దీన్ని తగ్గించేస్తుంది, అప్పుడు ఆయాసం తగ్గలేదని ఇంకో గోళీ వేస్తారు. ఇన్ని మెలికలున్న మందుని రక్తపరీక్ష చూసుకుంటూ వాడాలి. ఆ పరీక్ష మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేస్తున్నారా? పోయి అడగండి.

రెండోది సాల్బుటమాల్ గోళీ, సిరప్పు. మందు మంచిదే. ఊపిరి గొట్టాల్ని వదులు చేస్తుంది. కానీ మింగినప్పుడు ఒళ్లంతా తిరిగి చివరికి ఊపిరితిత్తికి చేరుతుంది. దారిలో గుండెని దడదడలాడిస్తుంది, చేతుల్ని వణికిస్తుంది. ఇప్పుడు బడికి పోదాం. మన పిల్లవాడు పలక పట్టుకున్నా, పెన్ను పట్టుకున్నా అక్షరం వంకరపోతుంది. "కోడి కెలికినట్టుంది" అని పంతులు పుస్తకం విసిరేస్తాడు. చెయ్యి ఎందుకు వణికిందని ఒక్కమాట అడిగాడా?

మూడోది స్టీరాయిడ్లు. డెక్సా సూది, బెటామెథసోన్, ప్రెడ్నిసలోన్ గోళీలు ఈ కోవలోవి. ప్రాణం మీదికొచ్చిన ఆయాసంలో నాలుగైదు రోజులు వాడితే ఇవి ప్రాణదాతలే. కానీ మన పల్లెల్లో ఇవి నెలల తరబడి, ఏళ్ల తరబడి నడుస్తుంటాయి. గోళీ వేస్తే ఆకలవుతుంది, మొఖం గుండ్రంగా ఉబ్బుతుంది, "పిల్లోడు కండ పట్టాడు" అని తల్లి సంబరపడుతుంది. అది కండ కాదు, మందు వాపు. ఇవి మెదడు మీద కూడా పనిచేస్తాయి. కొందరికి నిద్ర పోతుంది, కొందరికి విపరీతమైన హుషారు, ఆ వెనకనే దిగులు, కోపం. 1988లో అమెరికాలోని డెన్వర్ నగరంలో ఆస్తమా పిల్లల్ని పరిశీలించి రాశారు: స్టీరాయిడ్ ఎక్కువ మోతాదులో నడిచే రోజుల్లో దిగులూ ఆందోళనా ఎక్కువయ్యాయని, విన్న మాటలు గుర్తుపెట్టుకునే శక్తి తగ్గిందని. పెద్దవాళ్లకీ ఇది తప్పదు. కూలికి పోయిన మనిషి ఊరికే కయ్యానికి దిగితే "తాగొచ్చాడు" అంటారు. తాగలేదు, నెల రోజులుగా స్టీరాయిడ్ మింగుతున్నాడు. "ఆయాసానికి పసరు మందు, ఏ సైడు ఎఫెక్టూ లేదు" అని అమ్మే పొట్లాల్లోనూ స్టీరాయిడ్ దొంగతనంగా కలిపినవి పట్టుబడుతున్నాయి. పొట్లం మింగిన గంటల్లో ఆయాసం మాయమైతే అనుమానించండి.

నాలుగోది మాంటెలుకాస్ట్. అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది. మన దగ్గర లీవోసెట్రిజిన్‌తో కలిపి జలుబుకీ తుమ్ముకీ కూడా పంచదార బిళ్లలాగ ఇచ్చేస్తున్నారు. ఈ మందు తిన్న కొందరిలో పీడకలలు, నిద్రలో కేకలు, కోపం, దిగులు, చచ్చిపోవాలనే ఆలోచనలు కనబడుతున్నాయని ఏళ్ల తరబడి ఫిర్యాదులు వచ్చాక, 2020 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. ఈ మందు మీద తన దగ్గర ఉన్న అతి గట్టి హెచ్చరిక వేయించింది. కొద్దిపాటి జలుబుకీ ఎలర్జీకీ వేరే మందు ఉండగా దీని జోలికి పోవద్దంది. ఈ మందు మెదడులోని గ్రాహకాలకు అంటుకుంటోందని ప్రయోగశాలలో తేలినట్టు అదే సంస్థ శాస్త్రజ్ఞులు 2024లో చెప్పారు. తిన్నవాళ్లందరికీ ఇట్లా కాదు, చాలామందికి ఏమీ కాదు. ఎంతమందికి అవుతుందన్న దాని మీద శాస్త్రజ్ఞుల మధ్య వాదన నడుస్తూనే ఉంది. కానీ అయినవాడి గతేమిటి? మన హాస్టల్లో పిల్ల అర్ధరాత్రి లేచి కేకలు పెడితే "గాలి సోకింది" అంటారు. తాయెత్తు కడతారు, భూతవైద్యుడి కాడికి తీసుకుపోతారు. ఏ మందు మింగుతోందో చీటీ తీసి చూసేవాడు ఉండడు. జలుబు గోళీలో కలిసిన లీవోసెట్రిజిన్ కొందరికి పగలు మత్తు తెస్తుంది. తరగతిలో కునికిన పిల్లకి "సోమరిపోతు" అని ఇంకో బిరుదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ వ్యాసం చదివి ఎవరూ గోళీల డబ్బా పెంటమీద పారేయకండి. స్టీరాయిడ్ చాలా రోజులు వాడినవాళ్లు ఉన్నట్టుండి ఆపితే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టీరాయిడ్ అందక మనిషి కుప్పకూలిపోతాడు. ప్రాణం పోవచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి. మిగతా మందులు కూడా బదులు మందు చేతికొచ్చాకే మార్చాలి. మందు లేని ఆయాసం మందు కంటే ప్రమాదం. ఆయాసంతో రాత్రంతా కూచుని తెల్లారే బిడ్డకి పొద్దున పాఠం ఎక్కదు, దానికి ఏ మందూ అక్కర్లేదు.

మరి ఆస్తమా ఉన్న పిల్లకి చదువు రాదా? 1980లలో అమెరికాలో తల్లిదండ్రులు, డాక్టర్లు ఇదే అడిగారు. థియోఫిలిన్ తింటున్న పిల్లలు బడిలో వెనకబడుతున్నారని గొడవ లేచింది. అప్పుడు అయోవా రాష్ట్రంలో ఆస్తమా పిల్లల పరీక్ష మార్కులు తీసి, వాళ్లని ఆస్తమా లేని సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లతో పోల్చి చూశారు. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితం అచ్చయింది: తేడా లేదు. థియోఫిలిన్ వాడుతున్నవాళ్లలోనూ లేదు. అయితే వాళ్లు మోతాదు కొలిచి, కంటికి రెప్పలా కనిపెట్టుకుని వైద్యం చేసిన పిల్లలు.

ఈ లెక్కలో రెండు పాఠాలున్నాయి. ఒకటి, వైద్యం సక్రమంగా జరిగితే ఆస్తమా బిడ్డ ఎవరికీ తీసిపోడు. రెండు, వాళ్లు పోల్చింది ఎవరితో? ఒకే ఇంట్లో, ఒకే తిండి తిని, ఒకే తల్లి కడుపున పుట్టిన బిడ్డతో. మన దగ్గర ఆయాసంతో రాత్రంతా నిద్రలేని మాదిగపల్లె బిడ్డని ట్యూషన్లు చెప్పించుకున్న కరణంగారి మనవడితో పోల్చి, "చూశారా, బుద్ధి పుట్టుకతో రావాలి" అంటారు. అక్కడ జరిగింది శాస్త్రం. ఇక్కడ జరిగేది మనువాదం.

దారి లేదా అంటే, ఉంది. పీల్చే మందు. పల్లెలో పంపు అంటారు, ఇన్‌హేలర్ అంటారు. లెక్క చూడండి. సాల్బుటమాల్ గోళీ ఒకటి 4 మిల్లీగ్రాములు, అంటే 4000 మైక్రోగ్రాములు. పంపు ఒక్కసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. రెండుసార్లు నొక్కినా 200. గోళీలో ఇరవయ్యో వంతు! అయినా ముందుగా పనిచేసేది పంపే, ఎందుకంటే మందు సూటిగా ఊపిరితిత్తికే పోతుంది. ఒంటికీ మెదడుకీ పోయేది చాలా తక్కువ. రోజూ వాడి వాపుని అణిచిపెట్టే బుడెసొనైడ్ లాంటి పీల్చే మందు ఉంటే ఆయాసం రావడమే తగ్గుతుంది, డెక్సా సూదులతో పని పడదు. వాడినాక నోరు పుక్కిలించాలి, అంతే. ఈ రెండు పీల్చే మందులూ భారత ప్రభుత్వం 2022లో ప్రకటించిన అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. జాబితాలో ఉన్నది మన పల్లె దాకా ఎందుకు రాలేదు?

"పంపు అలవాటైపోతుంది, అది ఆఖరి మందు" అని మనలో ఒక భయం ఉంది. చిన్నపిల్లలకి పీల్చడం రాదంటారు. దానికి స్పేసర్ అనే గొట్టం తగిలిస్తారు. అది కొనలేకపోతే? 1999లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ డాక్టర్లు అరలీటరు ప్లాస్టిక్ కూల్‌డ్రింకు సీసా అడుగున బెజ్జం చేసి, పంపు గాలి పోకుండా బిగించి, ఆయాసంతో వచ్చిన పిల్లలకి వాడి చూశారు. కొన్న స్పేసర్ అంత బాగానూ పనిచేసిందని లాన్సెట్ పత్రికలో రాశారు. జాతి వివక్షని కూలదోసిన దేశంలో పేదల బిడ్డల కోసం డాక్టర్లు చేసిన పని అది. మన మెడికల్ కాలేజీలు ఆ సీసా సంగతి మన పల్లెలకి వచ్చి చెప్పాయా?

"భూమి, కూలి, ఆత్మగౌరవం, రిజర్వేషన్లు, ఇన్ని సమస్యలుండగా గోళీల గొడవేమిటి?" అని ఉద్యమంలోనే కొందరు అడుగుతారు. అడగనివ్వండి. కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో మన మీద గొడ్డళ్లు లేపారు, లోకమంతా చూసింది. మన బిడ్డ బడి మానేసి గొడ్ల కాడికి పోవడం మాత్రం ఎవరికీ కనబడదు. రిజర్వేషన్ సీటు దాకా నడిచిపోవాల్సిన బిడ్డ అయిదో తరగతిలోనే ఆగిపోతే ఆ సీటు ఎవరికి? వాడు ఆగిపోయింది నిద్రలేక, ఊపిరాడక, తప్పు మందు మింగి. ఊరు రాసుకున్న కారణం మాత్రం కులం. ఆత్మగౌరవం అంటే మన ఒంట్లోకి పోయే మందు పేరు మనకి తెలియడం కూడా.

అందుకని సంఘాల్లో పనిచేసే అన్నలకీ అక్కలకీ, హాస్టల్ విద్యార్థులకీ మనవి:

1. ఆయాసం గోళీ, సూది ఏదైనా పేరు అడగండి. చీటీ మీద రాయించుకుని దాచుకోండి. పేరు చెప్పని మందు మింగొద్దు.

2. ఆయాసం అంతా ఉబ్బసం కాదు. టి.బి., గుండెజబ్బు, రాతిధూళి జబ్బు కూడా ఆయాసమే తెస్తాయి. ఒక్కసారన్నా ప్రభుత్వ పెద్దాసుపత్రికి పోయి ఏ జబ్బో తేల్చుకోవాలి.

3. మందు మొదలుపెట్టాక నిద్ర, చేతుల వణుకు, పీడకలలు, కోపం, దిగులు, చదువు మీద ధ్యాస, వీటిలో మార్పు వచ్చిందేమో తల్లిదండ్రులు, వార్డెన్లు కనిపెట్టాలి. వస్తే మందు చీటీతో డాక్టరు దగ్గరికి పోవాలి. చచ్చిపోతానన్న మాట బిడ్డ నోట వస్తే ఆ రోజే పోవాలి. మందు వికటిస్తే ఫిర్యాదు చేయడానికి కేంద్ర ప్రభుత్వం 1800-180-3024 అనే ఉచిత ఫోను నంబరు పెట్టింది.

4. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సాల్బుటమాల్, బుడెసొనైడ్ పీల్చే మందులు ఏడాదిలో ఎన్ని వచ్చాయి, ఎందరికి ఇచ్చారు? 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. వచ్చిన జవాబుని పల్లెలో చదివి వినిపించండి.

5. ప్రతి సాంఘిక సంక్షేమ హాస్టల్లో పీల్చే మందు, స్పేసర్ ఉండాలని, ఆస్తమా పిల్లలకి నెలకోసారి డాక్టరు చూడాలని కలెక్టరుకి అర్జీ ఇవ్వండి. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ప్రధానంగా మంచాన పడి ఆసుపత్రిలో చేరాక ఆదుకునేది. మంచాన పడకుండా చూసే పంపు కావాలని అడగండి.

6. ఆర్.ఎం.పి.లని కూచోబెట్టి మాట్లాడండి. డెరిఫిలిన్, డెక్సా ఒకే సిరంజిలో కలిపి పొడిచే అలవాటు మానమనండి. ఆయాసం రోగిని పంపు ఉన్న చోటికి పంపడం ఆయన బాధ్యతని చెప్పండి.

చివరగా పంతుళ్లకి ఒక మాట. బడిలో మన పిల్ల కునికితే, అక్షరం వంకరపోతే, విన్నది మరిచిపోతే "ఏ కులం?" అని మనసులో లెక్క వేసుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి. రాత్రి పడుకున్నావా? ఆయాసం వచ్చిందా? ఏ గోళీ వేసుకున్నావు? ఈ మూడూ అడగకుండా "మొద్దు" అన్న ప్రతి పంతులూ ఏకలవ్యుడి వేలు అడిగినవాడి శిష్యుడే. మనం మాత్రం ఈసారి వేలు ఇవ్వం. అదే వేలితో మందు చీటీ చూపించి లెక్క అడుగుతాం.

జై భీమ్!